మూత తీయమంటే తీయని కొట్టు: బరంపురంలో వాచీల వేట

పాత వాచీ కొత్తగా మెరుస్తుంటే నాకు చిరాకు. నలభై ఏళ్ళు ఒక మనిషి చేతికి ఉన్న వస్తువు, నిన్ననే డబ్బాలోంచి తీసినట్టు ఎలా ఉంటుంది? ఈ మధ్యే పాత వాచీలు సేకరించడం మొదలుపెట్టాను. విశాఖలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఎక్కడ అడిగినా ఇలాంటి మెరిసే సరుకే చూపించారు. అందుకే బరంపురం రైలెక్కాను. జనం పట్టుచీరలకీ, అప్పడాలకీ, ఊరగాయలకీ వెళ్ళే ఊరు అది. 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పాత వర్తకుల ఊరు. అలాంటి ఊళ్ళో ఎవరో ఒకరి బీరువాలో ముట్టుకోని వాచీ ఒకటైనా ఉంటుందని నా ఆశ.

స్టేషన్ దగ్గర ఆటో అబ్బాయి ఒడియాలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చేశాడు. బడా బజార్‌కి 150 అడిగాడు. బేరమాడితే 120కి వచ్చాడు. ఆ దూరానికి అదీ ఎక్కువే. దారిలో ఉప్మా మీద ఘుగుని పోసి ఇచ్చే బండి దగ్గర ఆగాను. ఉప్మా, బఠాణీల కూర కలిపి తినడం మా శ్రీకాకుళం వైపు నేను చూడలేదు. చాలా బాగుంది, ఇంకో ప్లేటు తిన్నాను.

మొదట వెళ్ళిన కొట్టు పేరు చెప్పను. గాజు పలకల కింద నీలం గుడ్డ పరిచి, దాని మీద పాత వాచీలు వరసగా పెట్టారు. ప్రభుత్వ కంపెనీ హెచ్ఎంటి చేసిన పైలట్‌లు ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో ఉన్నాయి. మా చిన్నప్పుడు మేం చూసిన పైలట్‌కి నల్ల డయలే. ఒక నల్లది తీసి చేతిలో పెట్టి 3,200 అన్నారు. కేసు (బయటి లోహపు గూడు) నిండా గీతలు, పక్కలు అరిగిపోయాయి, డయల్ మీద మాత్రం ఒక్క మచ్చ లేదు. అంకెల మీద పూసిన రంగు పచ్చగా మెరుస్తోంది, ముళ్ళ మీదేమో గోధుమరంగులోకి తిరిగి పొడిబారిపోయింది. రెండూ ఒకే రోజు ఫ్యాక్టరీలో పూసినవైతే ఒకేలా ముసలివవ్వాలి కదా. అంటే డయల్‌కి తర్వాతెవరో కొత్తగా రంగు వేశారని నా అనుమానం. "ఒకసారి వెనక మూత తీసి మెషీన్ చూపిస్తారా?" అని అడిగాను. "తీస్తే దుమ్ము పడుతుంది సార్, గ్యారంటీ ఇస్తున్నాం కదా" అన్నారు. మళ్ళీ అడిగాను. వాచీ తీసుకుని లోపల పెట్టేశారు. నేను బయటికొచ్చేశాను, కానీ ఒళ్ళు మండిపోయింది. నాలాగే కొత్తగా మొదలుపెట్టినవాడు ఎవడో, నాన్న గుర్తొచ్చి, ఆ డబ్బు పెట్టి దాన్ని కొనుక్కెళ్తాడు.

ఆ కోపంతోనే సందుల్లో తిరుగుతుంటే ఒక మేడ మెట్ల కింద చిన్న బల్ల కనబడింది. దాని మీద గాజు పెట్టె, బల్ల వెనక కంటికి భూతద్దం బిగించుకుని ఒక పెద్దాయన. వాళ్ళ నాన్నగారు టెక్కలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. నేను తెలుగులో పలకరించగానే స్టూలు జరిపారు. ఇక ఆ రోజంతా ఆ స్టూలు మీదే గడిచింది. గోపాల్‌పూర్ సముద్రం చూద్దామనుకున్నది అలాగే ఉండిపోయింది.

"మాస్టారూ, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"ముందు మూత తియ్యమను బాబూ. తియ్యనంటే లేచి వచ్చెయ్యి. నీతో మాటల్లేవు" అన్నారాయన.

సొరుగులోంచి రెండు హెచ్ఎంటి జనతా వాచీలు తీశారు. ఒకటి పసుపెక్కి, అంచున చిన్న మచ్చలతో ఉంది. రెండోది తెల్లగా ఉంది. నా కంటికి భూతద్దం ఇచ్చి చూడమన్నారు. పసుపెక్కిన దాని మీద అక్షరాల అంచులు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. తెల్లదాని మీద అక్షరం సిరా పీల్చిన కాగితం మీద రాసినట్టు పాకింది. నిమిషాల గీతల్లో కొన్ని గంట గుర్తులకి ఎదురుగా లేవు, కాస్త పక్కకి జరిగాయి. ముళ్ళు దిగే మధ్య కన్నం చుట్టూ రంగు గట్టు కట్టింది. తర్వాత మూతలు తీశారు. రెండింటి లోపలా 0231 అని మోడల్ నంబరున్న 17 రాళ్ళ మెషీనే (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు అవి). "చూశావా, లోపల అసలే. మెషీన్ చూసి మోసపోకూడదు, డయల్ చూసీ మోసపోకూడదు, రెండూ కలిపి చూడాలి" అన్నారు. తెల్లదాని డయల్‌ని మెల్లగా కదిపితే కదిలింది. డయల్ వెనక మెషీన్‌లోకి దిగే రెండు కాళ్ళుంటాయి. రంగు వేసేటప్పుడు అవి విరిగితే జిగురుతో అంటిస్తారట.

జపాన్ కంపెనీ సికో వాచీలకి ఇంకో లెక్క ఉంది. డయల్ కింద అంచున చీమ తలంత అక్షరాల్లో ఒక నంబరుంటుంది. అందులో మొదటి నాలుగంకెలు వెనక మూత మీది నాలుగంకెలతో కలవాలి. 7009 మూతకి 7009 డయలే ఉండాలి. మూత మీది సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఆయన చూపించిన సికో 5 డయల్ మీద 21 రాళ్ళని ఉంది, లోపల మెషీన్ మీద 17 అని. దానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు.

మధ్యాహ్నం ఎవరో పాత వెస్ట్ ఎండ్ కంపెనీ సోవార్ వాచీ బాగుకి తెచ్చారు. 1886లో బొంబాయిలో మొదలైన కంపెనీ అది. దాని ముళ్ళ మీది పూత గీకి చూడబోయాను. ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు. "రేడియం అయుండొచ్చు, ఆ పొడి ఊపిరిలోకి పోనివ్వకు" అని గట్టిగా చెప్పారు. చీకట్లో వెలగడానికి వెనకటి వాచీల్లో పూసిన రేడియోధార్మిక పదార్థం అది. వెలుగు చచ్చిపోయినా రేడియం చావదు, వందల ఏళ్ళు అలాగే ఉంటుంది. సేకరించేవాళ్ళంతా ధరల గురించి మాట్లాడతారు, ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆయనే మొదట చెప్పారు.

నన్ను ఆశ్చర్యపరిచిన మాట టీ తాగుతున్నప్పుడు వచ్చింది. రంగు వేసిన డయళ్ళని నేను తిడుతుంటే ఆయన తలూపలేదు. "మేమూ వేయించేవాళ్ళం. డయల్ నల్లబడి టైమ్ కనబడకపోతే మాస్టర్లు, గుమాస్తాలు ఏం చేస్తారు? కొత్త వాచీ కొనే స్తోమతుందా? డయల్ కలకత్తా పంపేవాళ్ళం. రంగు వేయించిందని చీటీ మీద రాసే ఇచ్చేవాళ్ళం" అన్నారు.

మా నాన్న పలాసలో బడిపంతులు. రోజూ పొద్దున్న రేడియోలో వార్తలకి ముందు చేతి వాచీకి కీ ఇచ్చి, టైమ్ సరిచేసుకునేవారు. ఆయనదీ జనతానే. దాని డయల్ ఒకసారి తడిసి పాడైతే శ్రీకాకుళంలో రంగు వేయించుకొచ్చి, కొత్తదైందని అమ్మకి మురిసిపోతూ చూపించారు. ఆ రంగులో నాకు ఏ తప్పూ కనబడదు. రంగు వేసిన సంగతి దాచి, ముట్టుకోని సరుకని చెప్పి నాలుగింతలకి అమ్మడమే నాకు సహించదు. జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో 1961లో మొదలైన హెచ్ఎంటి వాచీల తయారీని ఆపేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించాక, పాత హెచ్ఎంటిల మీద జనానికి మోజు పెరిగింది. ఆ మోజు కోసమే ముంబై నుంచి ఇలా రంగేసినవి వస్తుంటాయి. సేకరించేవాళ్ళు వాటిని ముంబై స్పెషల్ అంటారు. ఒక్కోదానిలో డయల్ ఒకదానిది, కేసు ఇంకోదానిది, ముళ్ళు మరోదానివి. మూడు మంచి వాచీలు విప్పితే ఒక అబద్ధం తయారవుతోంది. ముట్టుకోకుండా మిగిలినవి అలా ఏటేటా తగ్గిపోతున్నాయి. నా బాధంతా అదే.

సాయంత్రం ఆ పసుపెక్కిన జనతా అమ్ముతారా అని అడిగాను. 1,400 అన్నారు. బేరమాడలేదు. అద్దం మార్చి, మెషీన్ శుభ్రం చేసి ఇచ్చారు. డయల్ జోలికి వెళ్ళలేదు. అడగకుండానే చీటీ మీద "అద్దం కొత్తది, మిగతావి పాతవి" అని రాసిచ్చారు. రాత్రి లాడ్జిలో 900 తీసుకుని ఫ్యాన్ తిరగని గది ఇచ్చారు. నిద్ర పట్టక భూతద్దంలో దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పర్లాకిమిడిలో మూసేసిన వాచీ కొట్టు ఒకటుందని, ఆ ఇంటివాళ్ళ దగ్గర పాత సరుకు పెట్టెల్లోనే ఉందని వచ్చేముందు మాస్టారు చెప్పారు. పాతపట్నం మీదుగా వచ్చే నెల వెళ్తున్నాను. మూత తీసే పనిముట్టు, భూతద్దం ఆయన చేతే కొనిపించి సంచిలో వేసుకున్నాను.