గడియ ఉన్న తలుపు

ఉదయగిరి వైపు ఒక బాలికల హాస్టల్లో కొత్త స్నానాల గదులు తెరిచారు. పాత పరిస్థితి తెలిసినదాన్ని కాబట్టి నాకు పండగలా ఉంది.

ఇంతకాలం పిల్లలంతా ఒకే సిమెంటు తొట్టి చుట్టూ, నైటీలతోనే, తెల్లారకముందే స్నానం చేసేవాళ్లు. వెలుతురొస్తే ఎవరైనా చూస్తారని టెన్షన్. తడి బట్టల మీదే స్నానం, ఆ తడిలోనే బట్టలు మార్చుకోవడం. గజ్జల్లో దురదలు, తామర రాక ఏమవుతాయి? నెలసరి రోజుల్లో అయితే కొందరు స్నానమే మానేసేవాళ్లు. అది వింటే కడుపు తరుక్కుపోయేది.

గదులు కట్టేముందు పిల్లల్నే అడగడం నాకు బాగా నచ్చింది. టైల్స్ ఎవరూ అడగలేదు. లోపల గట్టి గడియ, బట్టలకు కొక్కెం, ఎత్తులో కిటికీ, లోపలే కుళాయి, ప్యాడ్లకు మూత ఉన్న డబ్బా అడిగారు. అన్నీ పెట్టారు. మెట్ట ప్రాంతం కదా, నీళ్ల కరువు ఎప్పుడూ ఉండేదే. అందుకే స్నానం నీళ్లు అరటి చెట్లకు పోయేలా వాలు ఇచ్చారు.

2009 విద్యాహక్కు చట్టం బడుల్లో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలంటుంది. ఆ జాబితాలో స్నానాల గది లేదు. బడిలోనే రాత్రీ పగలూ ఉండే పిల్లలకు అది కూడా అంతే అవసరం.

కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది, ఇంకో పెద్ద ట్యాంకు కావాలి. దాని గురించి వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అడుగుతున్నాం. మీ ఊరి హాస్టల్లో ఎలా ఉందో మీరూ ఒకసారి వెళ్లి చూడండి.