ఓడిన ఊరి నుంచి గెలిచిన ఊరికి, బస్సులో

హైదరాబాద్ నుంచి హంపికి వెళ్ళేవాళ్ళు మామూలుగా హొసపేటలో దిగుతారు. నేను అంతకంటే ముందే గంగావతిలో దిగిపోయాను. బెడ్ బుక్ చేసుకున్న హాస్టల్ తుంగభద్రకి ఉత్తరపు ఒడ్డున, సణాపుర దగ్గర ఉంది. హొసపేట దాకా పోతే మళ్ళీ నది దాటి వెనక్కి రావాలి. రాయచూరు, సింధనూరు మీదుగా వచ్చే బస్సుకి గంగావతి దారిలోనే తగులుతుంది. ఆటో డబ్బులూ మిగులుతాయి, నిద్రమొహంతో సామాను మోసే బాధా ఉండదు.

బస్టాండు బయట టీ బండి దగ్గర నిలబడి, వచ్చిన నాలుగు కన్నడ ముక్కలూ కూడగట్టుకుంటున్నాను. బండి పెద్దావిడ విని, "తెలుగులోనే అడుగు తల్లీ, ఎందుకా అవస్థ" అంది. వాళ్ళ మామగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపులో భూమి కొన్నారట. తుంగభద్ర డ్యాం కట్టి, 1953 నుంచి కాలువలకి నీళ్ళు వదిలాక కోస్తా రైతులు చాలామంది ఇటు వచ్చి స్థిరపడ్డారు. సింధనూరు, గంగావతి చుట్టూ ఊళ్ళ పేర్ల చివర 'క్యాంప్' అని కనిపిస్తే చాలావరకు అక్కడ తెలుగు వినిపిస్తుంది. "ఒక్కదానివే తిరుగుతున్నావా? ఇంట్లో తెలుసా?" అని కూడా అడిగింది. తెలుసన్నాను. అయినా నమ్మినట్టు లేదు. సణాపుర వైపు ఏ బస్సు ఎక్కాలో కండక్టర్‌కి తనే చెప్పి పంపింది.

హాస్టల్లో ఆడవాళ్ళకి వేరే డార్మిటరీ ఉంది. బెడ్డుకి రాత్రికి ఐదువందల చిల్లర. లాకర్ ఇస్తారు, తాళం మనమే తెచ్చుకోవాలి. ముందు వరి మడులు, వెనక గుండ్ల గుట్టలు. ఇంతకుముందు ఈ వసతులన్నీ హంపికి సరిగ్గా ఎదుటి ఒడ్డున, విరుపాపుర గడ్డెలో ఉండేవి. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వాటిని పడగొట్టారు. ఆ వ్యాపారం సణాపుర, ఆనెగొంది వైపు తరలిపోయింది. హాస్టల్ మెనూలో పాన్‌కేకులు, పాస్తా. ధరలు చూసి రోడ్డు మీద మెస్‌కి పోయాను. జొన్నరొట్టె, గుత్తివంకాయలాంటి ఎణ్ణెగాయి, వేరుశెనగ పొడి, పెరుగు. అంత రుచిగా అక్కడ ఇంకేమీ తినలేదు.

హంపికి పడవలో దాటాలి. సాయంత్రం పడవలు ఆగిపోయాక రోడ్డు మీద చుట్టు తిరిగి రావడం తప్ప దారి లేదు, ఆటోవాళ్ళు ఎంత చెబితే అంత. అందుకే సూర్యాస్తమయం హంపిలో హేమకూటం గుట్ట మీద చూడాలన్న కోరిక వదులుకున్నాను. విఠల ఆలయం టికెట్టుతోనే అదే రోజు లోటస్ మహల్, ఏనుగుల శాల కూడా చూడొచ్చు, దాన్ని పారేయకండి.

కట్టడాల గురించి ఎంతోమంది రాశారు. నన్ను పట్టుకున్నది ఇంకొకటి. అక్కడ "ఎక్కణ్ణుంచి?" అని ఎవరైనా అడిగితే హైదరాబాద్ అని చెప్పడానికి కొంచెం మొహమాటంగా అనిపించింది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఈ విజయనగరాన్ని ఓడించిన సుల్తానుల్లో మన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా ఉన్నాడు కదా. అంతకు ముందు అన్నతో పడక పారిపోయి వచ్చినప్పుడు ఏడేళ్ళు అన్నం పెట్టింది ఈ ఊరే, ఆశ్రయమిచ్చింది అప్పట్లో ఇక్కడ చక్రం తిప్పిన రామరాయలే. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడినదీ ఈ ఇబ్రహీంనే. ఉగ్రనరసింహుడి ఒడిలో లక్ష్మీదేవి లేదు, విరగ్గొట్టేశారు. ఆ విగ్రహం ముందు చాలాసేపు కూర్చున్నాను. గైడు ఖర్చు పెట్టుకోలేదు కాబట్టి తొందర చేసేవాళ్ళు లేరు.

తర్వాత మజిలీ బాదామి. గంగావతి నుంచి కుష్టగి, అక్కణ్ణుంచి ఇళకల్, అక్కడ మారి బాదామి. అన్నీ ఆర్డినరీ బస్సులే, అన్నిటి నిండా ఆడవాళ్ళే. కర్ణాటకలో 2023 జూన్ నుంచి 'శక్తి' పథకం కింద ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం, కానీ ఆ రాష్ట్రం వాళ్ళకే. నా ఆధార్ చూసి కండక్టర్ "తెలంగాణా?" అని నవ్వి టికెట్టు కొట్టాడు. పక్క సీట్లో చీరల మూటతో ఉన్నావిడ నా తరఫున ఆయనతో కాసేపు వాదించింది కూడా. బస్సులో ఆడవాళ్ళలో డబ్బులిచ్చింది నేనొక్కదాన్నే అనుకుంటా.

బాదామిలో నాకు హాస్టల్ దొరకలేదు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో "ఒంటరి ఆడవాళ్ళకి రూమ్ ఇవ్వం" అని మొహం మీదే చెప్పారు. నిబంధన ఏదన్నా ఉందా అంటే జవాబు లేదు. పక్క సందులో ఇంకో లాడ్జిలో ఏమీ అడక్కుండా తాళం చేతిలో పెట్టారు. ఒక్కరే తిరిగే ఆడవాళ్ళు ఇలాంటి ఊళ్ళకి పగటిపూట చేరుకోవడం మేలు. ఒకరు కాదన్నా ఇంకొకరిని అడగడానికి టైముంటుంది.

బాదామే చాళుక్యుల రాజధాని వాతాపి. ఇక్కడి గుహాలయాల్లో మూడోదాంట్లో 578 నాటి చాళుక్య మంగళేశుడి శాసనం ఉంది. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే మన వేంగి చాళుక్యులకి మూలపురుషుడు. అంటే నన్నయకి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడి వంశం వేళ్ళు ఈ ఎర్రరాళ్ళ కిందే ఉన్నాయి. ఈ ఊరినీ 642లో పల్లవులు పట్టుకున్నారు. కోతులు మాత్రం చాలా తెలివైనవి, బ్యాగ్ జిప్ తీయడం వచ్చు. చాళుక్యుల గుళ్ళున్న పట్టదకల్లు ఇక్కణ్ణుంచి లోకల్ బస్సులో తేలిగ్గా చూసి రావచ్చు.

బాగల్‌కోటలో మారి బిజాపూర్ బస్సెక్కాను. తళ్ళికోటలో గెలిచిన సుల్తానుల ఊళ్ళలో ఇదొకటి, ఇప్పుడు దాని పేరు విజయపుర. దారిలో కృష్ణ మీద చాలా పొడవైన వంతెన, దాని తర్వాత కొల్హార్. ఇక్కడి పెరుగుకి మంచి పేరు. కుండలో అమ్ముతారు, గడ్డగా, కొంచెం తీయగా ఉంటుంది. చెంచా లేదు, టికెట్టు మడిచి తిన్నాను. ఆ తళ్ళికోట యుద్ధంలో రామరాయలు ఓడిన రక్కసగి, తంగడగి ఊళ్ళూ ఈ నది వెంబడే, ఇంకా దిగువన ఉన్నాయి.

బిజాపూర్‌లో పెద్ద గుమ్మటం ఉన్న సమాధి గోల్ గుంబజ్‌కి పొద్దున్నే వెళ్ళాలన్నది నిజం. స్కూలు పిల్లలు వచ్చాక గుసగుసల గ్యాలరీలో గుసగుసకి చోటుండదు, కేకలే. నేను వెళ్ళేసరికి ఇద్దరు పెద్దవాళ్ళు మాత్రం ఉన్నారు. అటువైపు గోడ దగ్గర ఒకాయన రెండోఆయనతో అప్పు సంగతేదో మాట్లాడుతున్నాడు, ప్రతి మాటా నాకు వినిపిస్తోంది. దగ్గాను. ఆ దగ్గు గుమ్మటమంతా తిరిగొచ్చింది. వాళ్ళు ఆపేశారు.

మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి ఊరి పడమటి బురుజు మీద ఉంది. 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోశారు, 55 టన్నుల బరువు. మూతి సింహంలా ఉంటుంది, కోరల మధ్య ఏనుగు నలుగుతూ. తళ్ళికోట యుద్ధంలో దీన్ని పేల్చారని చెబుతారు. హంపి చూసి నేరుగా వచ్చినదాన్ని కదా, చెయ్యి పెట్టి చూశాను. ఎండకి కాలింది.

ఖర్చు చెప్పమని అడుగుతారు కాబట్టి: బస్సులకి, పడకకి, తిండికి కలిపి నాకైంది ఐదువేల లోపే. అందులో ఎక్కువ తిన్నది ఆటోలు. హంపిలో అద్దె సైకిల్ తీసుకుంటే అదీ తగ్గుతుంది, ఎండాకాలం కాకపోతే.