పాస్‌బుక్‌లో కోల్ ఇండియా

నాన్నగారి పాత బ్యాంకు పాస్‌బుక్ సర్దుతూ ఉంటే, 2014 జనవరి నాటి ఒక జమ కింద పెన్సిలుతో రెండు గీతలు కనిపించాయి: రూ.1,450. 2010లో ప్రభుత్వ రంగ బొగ్గు సంస్థ కోల్ ఇండియా పబ్లిక్ ఇష్యూకు (ప్రజలకు తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చినప్పుడు, షేరు ధర రూ.245 కాగా చిన్న మదుపరులకిచ్చిన 5 శాతం తగ్గింపు పోను రూ.232.75 చొప్పున ఆయన 50 షేర్లు తీసుకున్నారు. ఆ జమ, షేరుకు రూ.29 వంతున ప్రకటించిన మధ్యంతర డివిడెండు, అంటే ఆర్థిక సంవత్సరం ముగియకముందే వాటాదారులకు పంచే లాభం. అప్పటికి 90 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిదే కాబట్టి, మొత్తం రూ.18,317 కోట్లలో సింహభాగం ఖజానాకే చేరింది; ద్రవ్యలోటుతో సతమతమవుతున్న సర్కారు అవసరమే అంత ఉదారతకు కారణమని నా అభిప్రాయం.

ఆ ఏటి మొత్తాన్ని ఏటా వచ్చే ఆదాయంగా లెక్క వేసుకోవడం నేను చేసిన పొరపాటు. 2019-20 నాటికి డివిడెండు షేరుకు రూ.12కు దిగింది. 2020 మార్చిలో షేరు ధర ఇష్యూ ధరకన్నా బాగా కిందికి పడిపోయినప్పుడు, "బొగ్గు పని అయిపోయింది, అమ్మేద్దాం నాన్నగారూ" అని నేను పట్టుబట్టాను. ఆయన అమ్మలేదు. ఆ ఏప్రిల్ నుంచి డివిడెండుపై పన్ను భారం కంపెనీ మీది నుంచి వాటాదారుల మీదికి మారినా, పెద్దగా బాధపడలేదు. 2022-23లో మొత్తం డివిడెండు మళ్లీ రూ.24.25కు చేరింది, ఆ జమల కింద కూడా పెన్సిలు గీతలున్నాయి, కాకపోతే ఒక్కొక్కటే.