టోటోచాన్ టీవీ మనిషండీ బాబూ

అత్తయ్య ఇవాళ తొమ్మిదింటి సీరియల్ చూడకుండా పడుకున్నారు. ఆవిడ సంగతి మీకు తెలుసు కాబట్టి ఇంట్లో వాతావరణం ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. కోపం నామీద కాదు, నేను బడి నుంచి మోసుకొచ్చిన మాట మీద. ఆ మాట నన్నూ నిద్రపోనివ్వడం లేదు.

చిన్నోడి బడిలో తల్లిదండ్రుల మీటింగు. ఎప్పుడూ అయితే మార్కుల కాగితం చేతిలో పెట్టి, ఫీజు బాకీ గుర్తుచేసి పంపేస్తారు. ఈసారి పిల్లల పెంపకం గురించి చెప్పడానికి ఎవరో వక్తని పిలిచారు. మంచి మాటకారి. రైలుబడి కథంతా చెప్పాడు, అదే, టెట్సుకో కురోయనాగి అనే జపాన్ ఆవిడ తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకం, అందులో టోటోచాన్ అంటే చిన్నప్పటి ఆవిడే. పాత రైలుపెట్టెల్లో తరగతులు, కొబయాషి మాస్టారు ఆ పిల్ల కబుర్లు గంటల తరబడి వినడం, అన్నీ కళ్ళకు కట్టినట్టే చెప్పాడు. నా పక్కనావిడ ముక్కు చీదుకుంది కూడా. తెర మీద బొమ్మ వేసి "ఇదే ఆ చిన్నారి" అన్నప్పుడు కాస్త చిరాకేసింది. అది ఇవాసాకి చిహిరో అనే చిత్రకారిణి వేసిన బొమ్మ. ఆవిడ 1974లోనే చనిపోయింది, పుస్తకం వచ్చింది 1981లో. ఆవిడ ఎప్పుడో వేసిన పిల్లల బొమ్మల్లోంచి ఏరి పుస్తకంలో పెట్టుకున్నారు. సరే, అంత చిన్న విషయానికి ఎందుకులే అని ఊరుకున్నాను.

చివర్లో అన్నాడు చూడండి. "అంత గొప్ప విద్యావేత్తని ఆ బడి తయారుచేసింది. మీ పిల్లలూ అలా కావాలంటే ముందు ఇంట్లో టీవీ తీసేయండి."

టీవీ తీసేయాలట. టోటోచాన్‌లా అవడానికి!

విద్యావేత్త ఏమిటండీ, టెట్సుకో కురోయనాగి టీవీ మనిషి. మామూలు టీవీ మనిషి కూడా కాదు. జపాన్‌లో టీవీ, ఆవిడా ఒకే ఏడాది బయల్దేరారు. 1953 ఫిబ్రవరి 1న, మన దూరదర్శన్ లాంటి ఎన్‌హెచ్‌కె టీవీ ప్రసారాలు మొదలైనప్పుడు దేశం మొత్తానికి లెక్కలోకి వచ్చిన టీవీ సెట్లు 866. ఆ ఏడాదే ఎన్‌హెచ్‌కె నటుల కోసం పరీక్ష పెడితే వేలమందిలోంచి నెగ్గినవాళ్ళలో ఈవిడ ఒకతె. మధ్యలో ఒక్క ఏడాది తప్ప అప్పటి నుంచి తెర దిగలేదు. చెయ్యెత్తి ఇదంతా చెప్దామనుకున్నాను. మావారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నలుగురిలో నేను నోరు తెరిస్తే ఆయనకి బీపీ.

అయిపోయిందా అంటే, అవలేదు. బయటికి వస్తుంటే క్లాసు టీచరు చిన్నోడి డైరీ ఇచ్చింది. ఎర్రసిరాతో రిమార్కు. క్లాసులో ఆపకుండా మాట్లాడుతున్నాడు, పక్కవాళ్ళని రాసుకోనివ్వడం లేదు, ఇంట్లో మందలించండి. అదే బడి, అదే పూట. పై అంతస్తులో టోటోచాన్ కబుర్లు వింటూ కళ్ళు తుడుచుకోవాలి, కింది అంతస్తులో మన వాగుడుకాయని మందలించాలి. ఆ టీచరు తప్పేమీ లేదు, నలభైమందిని పట్టుకుని కూర్చున్న మనిషి. అయినా ఒళ్ళు మండింది.

నాకు ఈవిడ మీద ఇంత పట్టుదల ఎందుకో నా రాతలు ముందు నుంచీ చదివేవాళ్ళకి తెలుసు, మేం జపాన్‌లో నిషికసాయ్‌లో ఉన్న రోజులు. మావారు ఆఫీసుకి, నేను ఇంట్లో గోడలకి. టోక్యోలో ఆ పేటలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు, ఐటీ కుటుంబాలు, కందిపప్పు దొరికే కొట్లు, అన్నీ ఉండేవి. కానీ మధ్యాహ్నం పూట ఎవరితో మాట్లాడతాం? ఓసారి పన్ను వాచి డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. దవడ లడ్డూ పెట్టుకున్నట్టుంది. జపనీస్‌లో నొప్పి అన్న ఒక్క మాటే వచ్చు, అది ముఖం చూస్తేనే తెలుస్తోంది. వెయిటింగ్ రూములో టీవీ. అందులో ఒక పెద్దావిడ. జుట్టు ఇంత ఎత్తున, గుండ్రంగా, పైకి లాగి కట్టినట్టు. దాన్ని వాళ్ళు ఉల్లిపాయ జుట్టు అనే అంటారని తర్వాత తెలిసింది. ఎదురుగా ఎవరో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఈవిడ మాట్లాడుతూనే ఉంది. ఏం వేగం! మధ్యలో జుట్టులో చెయ్యి పెట్టి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసింది. నిజంగానే, జుట్టులోంచి. నేను పన్నునొప్పి మరిచిపోయి "అయ్యో" అని పైకి అనేశాను, తెలుగులో.

పక్క కుర్చీలో ఉన్న మామ్మ నావైపు తిరిగి నవ్వింది. టీవీ వైపు వేలు చూపించి "టోటోచాన్, టోటోచాన్" అంది. నాకు ఎక్కలేదు. నా దృష్టిలో టోటోచాన్ అంటే ఏడేళ్ళ పిల్ల. కిటికీ దగ్గర నిలబడి వీధి వాయిద్యాలవాళ్ళని పిలిచే పిల్ల, డెస్కు మూత వందసార్లు తెరిచి మూసి బడి నుంచి వెళ్ళగొట్టించుకున్న పిల్ల. మా నాన్న తెచ్చిన రైలుబడిలో ఆ పిల్ల పెద్దదవలేదు కదా. బడి మీద బాంబులు పడ్డాక రైల్లో వెళ్ళిపోయింది, అంతే. మామ్మ చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి కాగితం మీద బడి బొమ్మ, కిటికీ, పిల్ల గీసింది. ఆ పిల్ల నుంచి టీవీ వైపు బాణం గుర్తు వేసింది. అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండి ఊరొదిలి వెళ్ళిపోయిన అమ్మాయి ముసలావిడై టీవీలో కనపడితే ఎలా ఉంటుంది? నా పేరు పిలిస్తే కూడా లేవలేదు. నర్సు వచ్చి భుజం తట్టింది.

అప్పటి నుంచి మధ్యాహ్నం ఆ ప్రోగ్రామ్ పెట్టుకునేదాన్ని. టెట్సుకో నో హెయా, అంటే టెట్సుకో గది. 1976 ఫిబ్రవరి 2న మొదలైంది. మొదటి అతిథి మొరిషిగే హిసాయా అనే పెద్ద నటుడు. వారపు రోజుల్లో రోజూ ఒక మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటం, అంతే. 2015లో పదివేల ఎపిసోడ్లు దాటింది. ఒకే మనిషి అన్ని ఎపిసోడ్లు నడిపినందుకు గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. ఎడిటింగ్ చెయ్యరు, మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తారు. వచ్చినవాళ్ళ గురించి ముందే తన చేత్తో పెద్ద పెద్ద కాగితాల మీద రాసుకుని బల్ల మీద పెట్టుకుంటుంది.

ఆవిడ యాంకరుగా చేసిన గురువారం రాత్రుల పాటల ప్రోగ్రామ్, ది బెస్ట్ టెన్ సంగతి కూడా చెప్పాలి. 1978 నుంచి 1989 దాకా. రికార్డుల అమ్మకాలు, ప్రేక్షకుల కార్డులు అన్నీ కలిపి వారం వారం మొదటి పది పాటలు. ఆవిడ పెట్టిన షరతు ఒకటే, లెక్క మార్చకూడదు. పదిలోకి వచ్చిన గాయకుడు టీవీకి రానంటే, రాలేదని లైవ్‌లోనే చెప్పి క్షమాపణ అడిగేవాళ్ళు గానీ ఆ స్థానం ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో లేనివాళ్ళని ఉన్నచోటే పాడించేవాళ్ళు. మత్సుదా సెయికో అనే అమ్మాయి 1980లో హనేదా ఎయిర్‌పోర్టులో విమానం దిగి అక్కడే పాడింది. 1981లో ఒక వారం రేటింగు 41.9 శాతం. మన పాటల పోటీల్లో ఎవరు గెలుస్తారో ముందు వారమే మా అత్తయ్య చెప్పేస్తారు, ఎలాగో మాత్రం చెప్పరు.

న్యూయార్క్ వెళ్ళిన విషయం నాకు మరీ ఇష్టం. 1971లో, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, చేతినిండా పని ఉండగా అన్నీ ఆపేసి ఏడాదిపాటు నటన నేర్చుకోవడానికి వెళ్ళిపోయింది. నాకు ఆ వయసు దాటింది. స్కూటీ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఇంతవరకూ రాసి మళ్ళీ చదివాను. ఆ వక్త మీద కోపంతో నేను టీవీని గుడి చేసేస్తున్నానేమో. ఆవిడ విషయంలో టీవీ చేసింది మొదటి బడి చేసిన పనే. కొత్తలో వెనకాల జనం గుంపులో నిలబడి గుసగుసలాడే వేషాలు ఇచ్చేవారు. ఈ పిల్ల గొంతు ఒక్కటే వేరేగా వినపడేది. ఇంకాస్త దూరంగా జరుగు అనేవాళ్ళు. ఇంకాస్త. ఆఖరికి ఇవాళ్టికి ఇంటికి వెళ్ళిపోమ్మా అనేవాళ్ళు. మాట వింతగా ఉంది, వేగం ఎక్కువ, అందరిలా మాట్లాడు అని రోజూ గొడవ. ఇంట్లో మందలించండి అని ఎర్రసిరాతో రాయలేదు, అంతే తేడా.

1954లో రేడియోలో మూడు కోతిపిల్లల నాటకం వచ్చింది, యాన్‌బో నిన్‌బో టోన్‌బో. పిల్లల గొంతుతో మాట్లాడగల పెద్దవాళ్ళు కావాలని వెతికి ఈవిడకి చిన్న కోతి టోన్‌బో వేషం ఇచ్చారు. మాట తీరు సరిచేసుకుంటానని ఈవిడ రచయిత ఈజావా తడాసుకి ముందే చెప్పుకుందట. ఆయన సరిచేసుకోవద్దన్నాడు, ఉన్నదే కావాలన్నాడు. రైలుబడి అందరూ చదువుతారు, కొబయాషి మాస్టారికి దండం పెడతారు. ఈజావా గారి పేరు ఏ పేరెంట్స్ మీటింగులోనూ వినపడదు. నాకైతే ఆయనే కనపడుతున్నాడు ఇప్పుడు. ఒకటో తరగతి పిల్లని భరించడం వేరు, ఇరవయ్యేళ్ళ పిల్లని పనిలో పెట్టుకుని నీలాగే ఉండు అనడం వేరు. జీతాలిచ్చే చోట ఆ మాట అనేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మావారి మేనేజర్ ముఖం గుర్తొచ్చింది, పోనీండి.

ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1958లో, ఏడాది ఆఖరి రాత్రి జపానంతా కూర్చుని చూసే కోహాకు పాటల పోటీకి ఎర్ర జట్టు, అంటే ఆడవాళ్ళ జట్టు, యాంకరు ఈవిడ. 2015లో మళ్ళీ అదే కోహాకు మొత్తాన్ని నడిపింది. 1958లో చూసినవాళ్ళ మనవలు చూసి ఉంటారు.

అలాగని ఆవిడ దేవత కూడా కాదు. ఆ టెట్సుకో గది ప్రోగ్రామ్‌కి హాస్యనటులు వస్తే వాళ్ళకి చెమటలు పట్టించడంలో ఆవిడకి పెద్ద పేరు. "మీరు చాలా నవ్విస్తారటగా, ఏదీ చేసి చూపించండి" అంటుంది. వాడు చేస్తాడు. ఈవిడ నవ్వదు. ఎందుకు నవ్వాలో వివరం అడుగుతుంది. చుట్టాలొస్తే పిల్లాణ్ణి ముందుకు తోసి "ఏదీ ఆ పద్యం చెప్పు" అంటామే, అచ్చం అలాగే, పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్లాడిలాగే ఉంటాడు పాపం. నాకు భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఆ నిశ్శబ్దం అర్థమయ్యేది, నవ్వొచ్చేది. తన కబుర్లు గంటల తరబడి విన్న మాస్టారి శిష్యురాలు ఇలా చేయొచ్చా అనిపించేది. చేయొచ్చనే అనుకుంటాను. కొబయాషి గారు విన్నారు గానీ ప్రతి మాటకీ పగలబడి నవ్వారని పుస్తకంలో లేదు.

పోనీ ఆవిడని విద్యావేత్త అనడం మరీ అంత తప్పా? పుస్తకం డబ్బుతో ఫౌండేషన్ పెట్టి చెవిటి నటుల నాటక బృందానికి ఆసరా ఇచ్చింది. 1984 నుంచి యూనిసెఫ్ రాయబారిగా తిరిగింది, మన దేశానికి కూడా వచ్చింది. ఆవిడని టోటోచాన్‌గానే ఉంచేశారని నేను గింజుకుంటున్నాను గానీ, 2023లో, తొంభై ఏళ్ళప్పుడు, ఆ పుస్తకానికి రెండో భాగం రాసింది ఎవరు? నలభై రెండేళ్ళ తర్వాత! ఆవిడే వదలడం లేదు ఆ పిల్లని, మధ్యలో నాకెందుకు? కానీ ఆ టీవీ తీసేయమన్న మాట మాత్రం క్షమించను. అది వేరే లెక్క. ఆవిడ డెబ్భై ఏళ్ళ కష్టం పక్కనపెట్టి, చిన్నప్పటి ముచ్చట మాత్రం ఏరుకుని, దాంతో ఆవిడ పనినే తిట్టడం.

మా పెద్దది ఇంటికొచ్చాక విషయం విని "అయితే అమ్మా, మనం టీవీ చూడాలా వద్దా" అంది. అత్తయ్య వంటింట్లోంచే "చూడాలి" అన్నారు.

చిన్నోడి డైరీ ఇంకా బల్ల మీదే ఉంది, సంతకం పెట్టలేదు. మందలించాను అని రాస్తే అబద్ధం. మందలించను అని రాస్తే రేపు మావారికి ఫోనొస్తుంది. వాడేం మాట్లాడతాడో అంతసేపు అని సాయంత్రం కూర్చోబెట్టి విన్నాను, మాస్టారిలా. డైనోసార్లు, డైనోసార్ల పళ్ళు, ఎవడో పిల్లాడి కంపాసు బాక్సులో బల్లి తోక, మళ్ళీ డైనోసార్లు. పప్పు మాడింది. గంటల తరబడి వినడం ఆయనకెలా సాధ్యమైందో, ఆయనింట్లో వంట ఎవరు చేసేవారో.