చుక్క ఆగిన చోటు

2018 ఆగస్టు చివర, ఏజెన్సీలో వానలు ముదిరిన రోజుల్లో, నాకు నాలుగు రోజులపాటు విరేచనాలు పట్టుకున్నాయి. కొండమీది ఊళ్ళలో ఊటనీళ్ళు తాగేవాళ్ళకు ఆ కాలంలో అది వింత కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కలుపుకొని తాగి, గంజితో రెండు రోజులు నెట్టుకొచ్చి, ఐదో రోజున మళ్ళీ బడి తెరిచాను. జబ్బు అక్కడితో పోయిందనే అనుకున్నాను. అసలు జబ్బు రెండు వారాల తరువాత మొదలవుతుందనీ, దాన్ని నాకంటే ముందు నా గుర్రం పసిగడుతుందనీ అప్పటికి నాకు తెలియదు.

అప్పట్లో నేను పాడేరు ప్రాంతంలో ఒక కొండమీది గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపేవాణ్ణి. రోడ్డు కొండ కింద ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు. సోమవారం ఎక్కితే శనివారం దిగేవాణ్ణి. మిగతా రోజులు బడి వెనుక గదిలోనే నా కాపురం. ఆ కొండల్లో గుర్రం ఎవరికీ విలాసం కాదు. డిపో నుంచి బియ్యం, ఉప్పు పైకి చేరాలన్నా, కోతల కాలంలో కాఫీ గింజల బస్తాలు, మిరియాలు సంతకు దిగాలన్నా గుర్రమే ఆధారం. ఏడాదిపాటు నడిచి మోకాళ్ళు అరిగాక, 2015లో ఒక కాఫీ రైతు దగ్గర పన్నెండు వేలకు నాలుగేళ్ళ ఆడగుర్రాన్ని కొన్నాను. జేగురు రంగు ఒళ్ళు, నుదుట రూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ. ఆ మచ్చను చూసే పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టారు.

అమ్మిన రైతు నాతో ఒకటే మాట చెప్పాడు: "మాస్టారూ, ఎక్కడానికి తొందరపడకండి. పదిరోజులు దాని పక్కన నడవండి, తరవాత అదే ఎక్కించుకుంటది." నేను ఇరవై రోజులు నడిచాను. పొద్దున్నే మాలీసు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, రాత్రి నానబెట్టిన ఉలవలు పెట్టడం నేర్చుకున్నాను. మూడేళ్ళు గడిచేసరికి కళ్ళెం లాగవలసిన పనే లేకపోయింది. నేను ఒకవైపు కొద్దిగా ఒరిగితే చాలు, చుక్క ఆ వైపు తిరిగేది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక శనివారం కిందికి దిగేసరికి పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. మందపాటి మేజోళ్ళు తొడుక్కుని నడుస్తున్నట్టుగా ఉండేది. కింద ఒక డాక్టరుగారికి చూపించుకుంటే, విరేచనాల తరువాతి నీరసమని చెప్పి, ఒక సెలైను ఎక్కించి, బి కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపించారు. ఆయన ఒక్కసారి మోకాలి కింద సుత్తితో తట్టి చూసి ఉంటే నా కథ రెండు రోజులు ముందుగా మొదలయ్యేది. ఆ రెండు రోజుల విలువ ఏమిటో తరువాత తెలిసింది కాబట్టే ఈ మాట రాస్తున్నాను.

సోమవారం ఉదయం చుక్క మీద పైకి బయలుదేరాను. రెండో గెడ్డ దాటగానే దారి పక్కన ఏనుగు వీపులాంటి నల్లరాయి ఒకటి ఉంది. అక్కడ చుక్క హఠాత్తుగా ఆగిపోయింది. అదిలించాను, కదలలేదు. పాము ఏదైనా కనిపించిందేమోనని ముందుకు వంగి చూశాను. అది మాత్రం దారివైపు చూడడం లేదు. మెడ వెనక్కి తిప్పి నా కుడిపాదాన్ని మూతితో పొడుస్తోంది. అప్పుడు చూశాను. నా పాదం రికాబులోంచి జారిపోయి, చెప్పు కూడా ఎక్కడో పడిపోయి, ఉత్తినే వేలాడుతోంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో నాకు తెలియదు. పాదాన్ని చేత్తో పట్టి రికాబులో పెట్టాను. చుక్క పది అడుగులు వేసి మళ్ళీ ఆగింది. ఈసారి ఎడమపాదం జారింది.

గుర్రం ఒంటిమీద ఈగ వాలితే సరిగ్గా ఆ చోట మాత్రమే చర్మం వణికించి దాన్ని తోలేస్తుంది. అంత సున్నితమైన ఒళ్ళు దానిది. మూడేళ్ళుగా తన డొక్కలకు ఆనుకుని ఉన్న రెండు కాళ్ళలో పట్టు సడలితే దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు ఇలా ఆలోచించగలుగుతున్నాను గానీ, ఆ రోజు విసుక్కున్నాను. బడికి ఆలస్యమవుతోందని కేకలు వేశాను. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ సాయంత్రం సుద్దముక్క వేళ్ళలో నిలవలేదు. తెల్లవారేసరికి చాప మీది నుంచి లేవలేకపోయాను. నన్ను చుక్క మీద కూర్చోబెట్టి దింపాలని మొదట అనుకున్నారు. నడుము నిలవక ఒరిగిపోతుంటే ఆ ఆలోచన మానేసి, వెదురుబొంగుకు దుప్పటి కట్టి డోలీ తయారుచేశారు. నలుగురు కుర్రాళ్ళు భుజాలు మార్చుకుంటూ ఆ ఆరు కిలోమీటర్లూ వానలో మోశారు. చుక్కను ఎవరూ పట్టుకురాలేదు. కట్టు విప్పి ఉండడంతో తనంతట తానే డోలీ వెనకే వచ్చింది. దుప్పటి అంచు మీద దాని ఊపిరి వెచ్చగా తగులుతూనే ఉంది. రోడ్డు మీద 108 వాహనం తలుపు మూశాక ఒక్కసారి గట్టిగా సకిలించింది. అటువైపు మెడ తిప్పుదామనుకున్నాను, తిరగలేదు.

విశాఖలో నరాల డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు: గులియన్ బారే సిండ్రోమ్. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1916లో, ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గమనించి వివరించిన ఫ్రెంచి వైద్యుల పేర్లవి. కడుపులో చేరిన క్యాంపైలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవితో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ, నరాల మీది పదార్థం కూడా దాని మీది పదార్థంలాగే ఉండడంతో పొరబడి, ఆ తరువాత సొంత నరాల మీదే దాడికి దిగుతుంది. సాధారణంగా జబ్బు పాదాల నుంచి మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీయించే కండరాల దాకా వస్తే ప్రాణానికే ముప్పు. నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీశారు, నరాల మీద విద్యుత్ పరీక్షలు చేశారు. సుత్తితో ఎక్కడ తట్టినా నా కాళ్ళు ఎగరలేదు.

రోజుకు ఎన్నోసార్లు ఒక పరీక్ష పెట్టేవారు. నిండుగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి ఎన్ని అంకెలు చెప్పగలిగితే అన్ని చెప్పాలి. మొదటి రోజు ఇరవై ఏడు, మూడో రోజు పద్నాలుగు. అప్పుడు నన్ను ఐసీయూలోకి మార్చి, వెంటిలేటరు సిద్ధంగా ఉంచారు. వేలమంది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి తీసే ప్రతిరక్షకాల మందు, ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను ఐదు రోజులపాటు రక్తనాళంలోకి ఎక్కించారు. ఆ రాత్రుల్లో అంకెలు లెక్కపెట్టమన్నప్పుడల్లా నేను చుక్క అడుగులు లెక్కపెట్టేవాణ్ణి. బడి గుమ్మం నుంచి మొదటి మలుపు దాకా దాని గిట్టలు రాళ్ళ మీద ఎలా పడతాయో నాకు కంఠతా వచ్చు. ఒకటి, రెండు, మూడు అని పైకి అంటూ, మనసులో ఒక్కొక్క రాయి మీద ఒక్కొక్క గిట్ట మోపుతూ వెళ్ళేవాణ్ణి. పద్నాలుగు దగ్గర రెండు రోజులు నిలిచిపోయాను. ఆ మర్నాడు పదహారు, ఆ తరువాత పంతొమ్మిది. వెంటిలేటరు అవసరం రాలేదు.

పెద్ద డాక్టరుగారు నా భార్యతో, "ఇది ఎక్కిన దారినే దిగుతుందమ్మా, పాదాలు ఆఖరున బాగవుతాయి, నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి" అన్నారు. ఎక్కడం, దిగడం అన్న మాటలు విని ఆమె నావైపు చూసింది. మాకిద్దరికీ గుర్తొచ్చిన దారి ఒకటే.

ఇరవై నాలుగు రోజుల తరువాత చోడవరంలో మా ఇంటికి చేరాను. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి, వేళ్ళకు పని కల్పించడానికి చిన్న గింజలు ఏరమంది. నా భార్య ఏమీ అనకుండా గూట్లోంచి ఉలవల డబ్బా దింపింది. ఒక పళ్ళెంలోంచి మరో పళ్ళెంలోకి గింజ తరువాత గింజ వేయాలి. మొదటి రోజు అరగంటలో పదకొండు గింజలు వేశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ ఉందో జారిందో చూస్తే తప్ప తెలిసేది కాదు. దీపావళి నాటికి సోలెడు ఉలవలు ఒక పూటలో ఏరగలిగాను. ఏరినవన్నీ సంచిలో పోసి, సంతకు దిగినవాళ్ళ చేత గూడేనికి పంపించేవాళ్ళం. వాళ్ళే కబురు తెచ్చేవారు. "గుర్రం బాగానే మేస్తంది మాస్టారూ. కాఫీ బస్తాలు మోస్తంది. సాయంత్రమైతే మాత్రం బడికాడికెళ్ళి నిలబడతంది."

జనవరి నెలాఖరులో చేతికర్రతో, పాదాలు కిందికి వాలకుండా ప్లాస్టిక్ పట్టీలతో, ఆటోలో కొండ కిందికి వెళ్ళాను. చుక్కను దించి తెచ్చారు. అది నా చేతులు వాసన చూసింది, చేతికర్రను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. తరువాత తల దించి ఆ ప్లాస్టిక్ పట్టీల చుట్టూ చాలాసేపు మూతి తిప్పింది. నేను దాని భుజానికి ఆనుకుని మాలీసు మొదలుపెట్టాను. బ్రష్షు నాలుగుసార్లు చేతిలోంచి జారింది. పూర్వం మాలీసు మధ్యలో ఆపితే కాలు నేలకు కొట్టి గొడవ చేసే గుర్రం, ఆ రోజు దాదాపు గంటసేపు నా బరువు మోస్తూ నిలబడింది. గుర్రాలకు అన్నీ తెలుస్తాయని కొందరు అంటారు. నాకు అంత నమ్మకం లేదు. నా అరచేతి కింద దాని గుండె నింపాదిగా, నా గుండె రెండుసార్లు కొట్టుకునేలోపు ఒక్కసారి కొట్టుకుంటూ ఉండడం మాత్రం నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చాక నా ఊపిరి భయం లేకుండా సాగిన మొదటి గంట అదే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఆదివారం వెళ్ళాను. మొదట దాని జూలు పట్టుకుని పది అడుగులు, తరువాత కర్ర లేకుండా మొదటి గెడ్డ దాకా. ఏప్రిల్‌లో పరీక్షల పనికి బడికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, రోడ్డు పక్క గట్టు మీద నిలబడి, ఇద్దరు పట్టుకోగా, ఏడు నెలల తరువాత జీను మీద కూర్చున్నాను. అరికాళ్ళలో తిమ్మిరి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ సాయంత్రాలు ఉంటుంది, ఎక్కువ నడిస్తే అలసట ముంచుకొస్తుంది. కానీ రికాబు ఇనుము పాదానికి ఆనిన చోటు తెలిసింది.

రెండో గెడ్డ దాటి నల్లరాయి దగ్గరికి రాగానే చుక్క ఆగింది. ఏడు నెలలపాటు బస్తాలు మోస్తూ అదే దారిలో తిరిగినా ఎప్పుడూ ఆగలేదని పక్కన నడుస్తున్న కుర్రాడు చెప్పాడు. మెడ వెనక్కి తిప్పి కుడిపాదాన్ని చూసింది, ఎడమపాదాన్ని చూసింది. నేను రెండు రికాబులనూ గట్టిగా తొక్కి, కాళ్ళు దాని డొక్కలకు ఆనించాను. చెవులు ముందుకు నిక్కించి పైకి నడిచింది.