ఏసీ కొనే ముందు డాబాకి సున్నం

శ్రీకాకుళం ఇంచుమించు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. విజయనగరం అంతకంటే ఓ పిసరు కింద. ఈ లెక్కన మే మధ్యకల్లా మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. జులై చివరిదాకా నెత్తి మీదే, కాస్త ఉత్తరానికి ఒరిగి తిరుగుతుంటాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం గోడల మీద పడే ఎండ కొంచెమే, దెబ్బంతా డాబాకే. అయినా ఇల్లు కట్టేటప్పుడు ముఖద్వారం ఎటు, కిటికీలు ఎటు అని వారాల తరబడి మాట్లాడుకుంటారు గానీ డాబా పైముఖం గురించి ఎవరూ అడగరు.

నడినెత్తి ఎండ అంటే చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు. పాతబడి నల్లబడిన సిమెంటు అందులో మూడింట రెండొంతులు తాగేస్తుంది. అయిదంగుళాల స్లాబులో ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట గాలి చల్లబడుతున్న దీపాల వేళకి గది లోపల సీలింగు కాలుతుంటుంది. ఫ్యాను పెద్దది చేస్తే ఆ కాక తిన్నగా మంచం మీదికే వస్తుంది. ఏసీ పెట్టినా అది ముందు గదిని కాదు, స్లాబునే చల్లబరుస్తూ కూర్చుంటుంది.

దీనికి అన్నిటికంటే చవకైన మందు సున్నం. తెల్లటి కొత్త సున్నం ఎండలో నాలుగింట మూడొంతుల దాకా వెనక్కి తిప్పికొడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబాకి మూడు పూతలకి పాతిక కిలోల సున్నం సరిపోతుంది. కిలోకి అయిదు లీటర్ల చొప్పున నీళ్ళు పోసి, ఒక పగలూ రాత్రీ నాననిచ్చి, పల్చటి గోనెగుడ్డలో వడకట్టాలి. పది లీటర్ల సున్నపు నీటికి 40 గ్రాముల తుమ్మజిగురు వేడినీళ్ళలో కరిగించి కలపాలి. మొత్తం మీద అరకిలో జిగురు. గోడలకి వేసినట్టు నీలిమందు వెయ్యక్కర్లేదు. రాతిసున్నం కొంటే జాగ్రత్త: నీళ్ళు తగలగానే కుతకుతలాడి చిమ్ముతుంది. రాయి మీద నీళ్ళు గుమ్మరించకుండా నీళ్ళలోకే రాయిని కొద్దికొద్దిగా వేస్తూ ఉండాలి. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, కళ్ళద్దాలు తప్పనిసరి.

వెయ్యడంలోనే చాలామంది చెడగొడతారు. డాబా మీది పాచిని వైరు బ్రష్షుతో గీకి, బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడగాలి. పాచి మీద వేసిన సున్నం మొదటి వానకే పెచ్చులుగా లేస్తుంది. పగుళ్ళు ముందే పూడ్చుకోవాలి. సున్నం ఎండని ఆపుతుంది గానీ కారే నీటిని ఆపదు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద కుంచె పెడితే నీళ్ళు క్షణంలో ఆవిరై సున్నం గట్టిపడదు, చెయ్యి పెడితే పౌడరులా అంటుకుంటుంది. సాయంత్రం డాబా తడిపి, నీరు ఇంకాక పూత వెయ్యాలి. అది ఆరాకే రెండోది, మొదటిదానికి అడ్డంగా. పట్టు కోసం తెల్లసిమెంటు కలిపేవాళ్ళున్నారు. తప్పేం లేదు, కాకపోతే గంటలో అయిపోయేంతే కలుపుకోవాలి. మిగిలిన గోడల పుట్టీ ఉంది కదా అని అది మాత్రం పులమకండి, వానకి నిలవదు.

సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి మార్చిల్లో వెయ్యాలి. మన వానలు జూన్‌లో మొదలై తుపాన్లతో కలిసి నవంబరు దాకా లాగుతాయి. ఈలోగా పాచి పట్టి తెలుపు పోతుంది, కాబట్టి ఇది ఏటేటా చేసే పని. వాననీరు తొట్టిలోకి పట్టేవాళ్ళు మొదటి వానల నీళ్ళు బయటికి వదిలెయ్యాలి.

డాబా మీద వడియాలు, మిరపకాయలు, జీడిపిక్కలు ఎండబెట్టే ఇళ్ళకి సున్నం నిలవదు. కాళ్ళ కిందే అరిగిపోతుంది. అక్కడ తెల్ల టైలు ముక్కల పరుపు మేలు. బరువు చూసుకోండి: 20 మి.మీ. సిమెంటు మాలు, పైన టైలు కలిపితే చదరపు మీటరుకు 60 కిలోల దాకా వస్తుంది. వాలు సరిచెయ్యాలని మేస్త్రీ మాలు మందం పెంచుతూ పోతే అది వంద దాటుతుంది. ఊచలు తుప్పుపట్టి కింద పెచ్చులూడుతున్న పాత స్లాబు మీద ఆ పని అస్సలు పెట్టుకోకూడదు. టైలు వాలు నూటికి ఒకటైనా ఉండాలి, తూము వైపే ఉండాలి.

కొత్తగా కట్టేవాళ్ళది వేరే లెక్క. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలో (ఇళ్ళలో కరెంటు పొదుపు కోసం రాసిన నియమావళి) పైకప్పు యూ విలువ, అంటే కప్పులోంచి వేడి ఎంత జోరుగా దిగుతుందో చెప్పే అంకె, 1.2 దాటకూడదని ఉంది. వట్టి స్లాబుకి అది మూడు పైనే. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగు చేసి, దానిపైన 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ పలకలు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు) పరిచి, పైన కాంక్రీటు పొర పోస్తే ఒకటికి అటూ ఇటూగా దిగుతుంది. పలకలు స్లాబు పైనే ఉండాలి. కింద ఫాల్స్ సీలింగులో పెడితే స్లాబు ఎండకి వ్యాకోచిస్తూ పగులుతూనే ఉంటుంది. సీలింగుకి మామూలు థర్మోకోల్ అతికించడం ఇంకా ప్రమాదం, నిప్పు తగిలితే నిలువునా అంటుకుంటుంది.

డాబా మీద రేకుల షెడ్డు నీడ బాగానే ఇస్తుంది. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూశాక కూడా రెండు ఇటుకలు బరువు పెట్టి రేకు వదిలెయ్యడం ఏం ధైర్యమో. గ్రీన్ నెట్టు కడితే సెప్టెంబరు దాటకుండా విప్పి చుట్టి పెట్టుకోవాలి.

గాలి సంగతి. తీరానికి దగ్గర ఊళ్ళలో నీళ్ళ కూలరు పెద్దగా పనిచెయ్యదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, కూలరు ఉక్కపోత పెంచుతుంది. దాని బదులు చీకటి పడ్డాక గాలి వచ్చే వైపు కిటికీలు తెరిచి, పైన మెట్ల గది తలుపు కూడా తెరిస్తే వేడిగాలి మెట్ల మీదుగా పైకి పోతుంది. దోమల జాలీని నెలకోసారి కడగాలి, దుమ్ము పట్టిన జాలీలోంచి గాలి సరిగా రాదు. పగలు పదింటికల్లా అన్నీ మూసెయ్యడమే.

ఫ్యాను మాత్రం మార్చదగ్గది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అనే కొత్తరకం పొదుపు మోటారుది 30. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులు. పాత రెగ్యులేటరు తీసేసి తిన్నగా కనెక్షను ఇవ్వాలి. అది ఉంచితే లోపలి బోర్డు త్వరగా పోతుంది, గ్యారంటీ కూడా ఒప్పుకోరు. అసలు లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది: 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టరు బ్యాటరీలో వాడుకోదగ్గది సుమారు వెయ్యి వాట్-అవర్లు అనుకుంటే, పాత ఫ్యాన్లు రెండు ఆరేడు గంటలు తిరుగుతాయి, బీఎల్‌డీసీవి రెండు దాదాపు పదహారు గంటలు.

డాబా మీద సోలారు పెట్టించుకునేవాళ్ళకి 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల రాయితీ ఉంది. ప్యానెళ్ళ కింద పడే నీడ అదనపు లాభం. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రెండు అడగండి. స్టాండు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించడం) చేసిందేనా, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా? ఉప్పుగాలికి మామూలు బోల్టే ముందు పోతుంది. స్టాండు కాళ్ళు స్లాబులోకి దింపిన యాంకర్లకి బిగిస్తారా, ఉత్త సిమెంటు దిమ్మల మీద నిలబెడతారా? దిమ్మలే అంటే తుపాను గాలి ప్యానెల్ని కిందనుంచి ఎత్తే బలానికి అవి ఎంత బరువుండాలో లెక్కగట్టి కాగితం మీద ఇమ్మనండి. యాంకరు దింపితే ఆ రంధ్రం చుట్టూ వాటర్‌ప్రూఫింగు ఎవరి బాధ్యతో కూడా అందులోనే రాయించుకోండి.