గమకం కోసం గిటార్ తీగలు మార్చిన రెండు నెలలు

జూన్ మొదటి వారం

తోడి రాగంలో గాంధార స్వరాన్ని ఊపే గమకం దగ్గర మళ్ళీ ఆగిపోయాను. గిటార్ మీద అది పలకాలంటే రిషభం మెట్టు (ఫ్రెట్) మీద వేలు పెట్టి, వీణ మీద లాగినట్టే తీగను పక్కకి లాగాలి. నాలుగైదుసార్లు లాగేసరికి ఉంగరపు వేలు మండిపోతోంది. విజయనగరంలో వీణ నేర్పే మా పిన్ని ఆ పూట మా ఇంట్లోనే ఉంది. "భుజం అలా బిగబట్టేస్తావేంట్రా? గమకం వేలి చివర పుట్టాలి" అంది. సాధన చాలలేదనే అనుకున్నాను. రాత్రి తీగల కవరు తిప్పి చూస్తే 10-46 అని ఉంది.

ఆ అంకెలు అంగుళంలో వెయ్యోవంతులు. సన్నటి మొదటి తీగ 0.010, లావుపాటి ఆరోది 0.046. ఒక్క వెయ్యోవంతుకి ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, పొడవూ స్వరమూ మారనప్పుడు తీగ బిగువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 9 నుంచి 10కి వెళితే మొదటి తీగ మీద 23 శాతం ఎక్కువ. నాది స్ట్రాట్ తరహా ఎలక్ట్రిక్ గిటార్, స్కేల్ పొడవు, అంటే తీగ ఊగే పొడవు, 25.5 అంగుళాలు. మామూలు శ్రుతిలో దాని మీద 10-46 సెట్ ఆరు తీగలూ కలిపి సుమారు 47 కిలోల బలంతో లాగుతాయి, 9-42 అయితే 39 కిలోల లోపే. డాబాగార్డెన్స్‌లో ఉండే స్నేహితుడు టెన్స్ (10తో మొదలయ్యే సెట్) హాయిగా ఉంటాయంటాడు. అతనిది లెస్ పాల్ తరహా, 24.75 అంగుళాలు. అవే తీగలు అక్కడ 6 శాతం దాకా తేలిక. సలహా తీసుకునేముందు గిటార్ కొలత అడగాలని అప్పుడు తెలిసింది.

జూన్ రెండో వారం

వెంటనే నైన్స్ (9-42 సెట్) కొనలేదు. మాది పెదవాల్తేరు, కిటికీ తీస్తే ఉప్పు గాలి. వరండా గ్రిల్‌కి పట్టే తుప్పే తీగలకీ పడుతుంది. పాత తీగల మీద నల్లటి మచ్చలున్నాయి, లాగుతుంటే వేలికి గరుకుగా తగులుతున్నాయి. మందాన్ని నిందించేముందు కొత్త టెన్స్ వేసి చూడటం న్యాయం అనిపించింది. నాలుగు రోజులు వాయించాను. గరుకు పోయింది, బరువు అలాగే ఉంది. అప్పుడు 9-42 తెచ్చాను.

తీగలు మార్చడం పది నిమిషాల పని, ఆ తర్వాత సర్దడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బిగువు తగ్గగానే గిటార్ వెనక స్ప్రింగుల బలం పైచేయి అయి, ట్రెమోలో బ్రిడ్జ్ (బాడీ మీద తీగల చివర్లని పట్టుకుని కదిలే భాగం) కిందికి దిగిపోయింది. తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమన్నాయి. వెనక మూత తీసి స్ప్రింగుల కొక్కేన్ని పట్టుకున్న రెండు స్క్రూలూ అర చుట్టు వదులు చేయడం, మళ్ళీ శ్రుతి చేయడం, బ్రిడ్జ్ చూడటం, ఇలా నాలుగుసార్లు. మెడకి ఉండాల్సిన కాస్త వంపు కూడా పోయి తిన్నగా అయిపోయింది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, మెడ బాడీలో కలిసేచోట ఆరో తీగ నొక్కితే ఏడో ఫ్రెట్ దగ్గర సందే లేదు. మెడ లోపల వంపుని సర్దే ట్రస్ రాడ్ పావు చుట్టు వదులు చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు పెట్టాను. ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం) చివర్లో చూసుకోవాలి. ముందే చూస్తే ఆ శ్రమంతా వృథా.

గాంధారం ఊగింది! తీగను లాగాల్సిన దూరం మారలేదు, దానికి పెట్టాల్సిన బలం తగ్గింది. అరగంట వాయించినా వేలు మండలేదు.

జూలై

శనివారం ఎంవీపీ కాలనీలో స్నేహితులతో వాయించినప్పుడు లోపం బయటపడింది. గట్టిగా కొడితే కింది స్థాయి లావు తీగలు వదులుగా ఊగిపోతున్నాయి. టెన్స్ అలవాటులో కార్డ్‌ని (కలిపి మోగించే స్వరాలని) గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతోంది, అందులోనూ మూడో తీగ మరీ. సన్నటి తీగకి తేలికపాటి చెయ్యి కావాలి. దానికి రోజూ ట్యూనర్ చూస్తూ పది నిమిషాల కార్డ్ సాధన మొదలుపెట్టాను, ఇప్పటికీ చేస్తున్నాను.

కింది తీగల సమస్య సాధనతో పోయేది కాదు. అందుకే 9-46 వేశాను. సన్నటి మూడూ నైన్స్ సెట్‌లోవి (9, 11, 16), లావు మూడూ టెన్స్ సెట్‌లోవి (26, 36, 46). స్ప్రింగు స్క్రూలు ఈసారి కాస్త బిగించాను. మూడో తీగ శ్రుతి చేస్తుంటే మెడ పై చివర తీగలు ఆనే నట్ దగ్గర 'టింగ్' మని పట్టేసింది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దాక జారింది.

పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అయిదు ఒంటి తీగలతో గమకాలన్నీ పలికించారు. ఇప్పుడు ఆయన రికార్డింగులు వినేటప్పుడు నా చెవి తీగ మీదికే పోతోంది.

వాయించాక ప్రతి తీగనీ పైనా కిందా పొడి నూలు గుడ్డతో తుడుస్తున్నాను. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేశాను. మూడు వారాలైంది, ఇంకా మచ్చ పడలేదు.

నిన్న రాత్రి ఫోన్లో పిన్నికి తోడి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "భుజం వదిలావు. గాంధారం ఇంకా మధ్యమం వైపు ఎక్కువ పోతోంది, నెమ్మదిగా లాగు" అంది. ఈ వారమంతా అదొక్కటే, మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి.